మూగబోయిన ల్యాప్‌టాప్... తెరుచుకోని ఫోల్డర్

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. టీపీఎం 2.0 చిప్ లేదనో, ప్రాసెసర్ పాతదనో విండోస్ 11 ఎక్కని ల్యాప్‌టాప్‌లు మన ఇళ్లలో ఒకటో రెండో మిగిలిపోయాయి. పనిచేసే వస్తువును పారేయడానికి మనవాళ్లకు చేతులు రావు. అందుకే ఇక్కడ డాలస్ శివార్లలో నాకు తెలిసిన కొన్ని తెలుగు కుటుంబాలు వాటిలో లినక్స్ మింటో, ఉబుంటూనో ఎక్కించుకుని వాడుకుంటున్నాయి. పిల్లల హోంవర్కుకు ఒకటి, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు యూట్యూబ్ చూసుకోవడానికి ఒకటి. పైసా ఖర్చు లేదు. పదేళ్ల నాటి యంత్రం కూడా చకచకా నడుస్తుంది.

నేను ఇరవై ఏళ్లుగా ఆఫీసులో లినక్స్ సర్వర్లతో కాపురం చేస్తున్నవాణ్ని. ఆ సంగతి నలుగురికీ తెలిశాక శనివారం వచ్చిందంటే నా ఫోన్ మోగుతుంది. "అన్నా, ఒక్క ఐదు నిమిషాలు" అంటూ మొదలై గంటన్నర నడుస్తుంది. మా ఆవిడ దీనికి 'ఊరి వైద్యం' అని పేరు పెట్టింది. ఈ ఫోన్లన్నీ కలిపి చూస్తే, వైఫై గొడవలు పక్కన పెడితే, ఫిర్యాదులు రెండే. ఒకటి, సౌండ్ రావట్లేదు. రెండు, ఫైల్ తెరుచుకోవట్లేదు, పర్మిషన్ లేదంటోంది.

ఈ రెంటిలోనూ మనిషికి వెంటనే కలిగే అనుమానం ఒకటే: "పోయిందా?" స్పీకర్ పోయిందా, డిస్కు పోయిందా, ఫైళ్లు పోయాయా అని. నేను చూసినవాటిలో చాలాసార్లు ఏమీ పోలేదు. శబ్దం వేరే దారిన పోతోంది, లేదా ఫైలు వేరేవాళ్ల పేరున ఉంది. పోయిందనుకుని కంగారులో నొక్కే బటన్‌తోనే అసలు నష్టం జరుగుతుంది.

తెనాలి నుంచి వచ్చిన డిస్కు

మా కమ్యూనిటీలోనే ఉండే ఒక మిత్రుడి తల్లిగారు ఆ మధ్య తెనాలి నుంచి వచ్చారు. ఆవిడ భర్త తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. నాటకాలకు పేరున్న ఊరు కదా, ఆయనకూ పౌరాణిక పద్యాల పిచ్చి. కుర్రతనంలో స్టేజీ మీద పాడినవి, తర్వాత ఇంట్లో హార్మోనియం పెట్టుకుని పాడినవి క్యాసెట్లలో దాచుకున్నారు. రిటైరయ్యాక ఓపిగ్గా కూర్చుని వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఆ కంప్యూటర్‌లో ఉబుంటూ ఉండేది, మేనల్లుడు వేసిచ్చాడు. మాస్టారు కాలం చేశాక ఆ మేనల్లుడే ఆయన ఫోల్డర్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులోకి తీసి, అత్తయ్య చేతికిచ్చి పంపాడు. ఆవకాయ సీసాల పక్కన, పట్టుచీర మడతలో పెట్టుకుని తెచ్చారావిడ.

డిస్కును ముందు మిత్రుడి ఆఫీసు ల్యాప్‌టాప్‌కు తగిలించారు. అది వెంటనే "దీన్ని వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" అని అడిగింది. వాళ్లబ్బాయి, తొమ్మిదో తరగతి, మౌస్‌ను ఫార్మాట్ బటన్ దాకా తీసుకెళ్లాడు. అడిగింది చేస్తే పని అవుతుందనే కదా పిల్లలకు అలవాటు! ఎందుకో మిత్రుడికి అనుమానం వచ్చి ఆపి, నాకు ఫోన్ చేశాడు.

ఇందులో యంత్రం తప్పేమీ లేదు. లినక్స్‌లో డిస్కులను ఎక్కువగా ఈఎక్స్‌టీ4 అనే పద్ధతిలో అమరుస్తారు. విండోస్‌కు ఆ లిపి రాదు. చదవడం రాని పుస్తకాన్ని అది ఖాళీ పుస్తకం అనుకుంటుంది, కొత్తగా గీతలు కొట్టిమ్మంటావా అని అడుగుతుంది. కాబట్టి ఇండియా నుంచి వచ్చిన డిస్కు, పాత కెమెరా కార్డు, ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్... ఏది తగిలించినా ఫార్మాట్ అన్న మాట కనబడితే 'క్యాన్సిల్' నొక్కండి, తీసేయండి. డిస్కు ఎవరు తయారుచేశారో, ఏ కంప్యూటర్‌లో వాడారో కనుక్కోండి. ఇంట్లో పిల్లలకు కూడా ఈ ఒక్క సంగతి ముందే చెప్పి ఉంచండి.

వాళ్లింట్లో మింట్ వేసిన పాత ల్యాప్‌టాప్ ఉంది. దానికి తగిలిస్తే డిస్కు కనబడింది. లోపల మాస్టారి పేరుతో ఫోల్డరూ కనబడింది. కానీ దాని మీద చిన్న గుర్తు, నొక్కితే "ఇందులోని విషయాలు చూసే అనుమతి మీకు లేదు" అన్న మాట. ఆవిడ పక్కనే కూర్చుని ఉన్నారు. "నా దగ్గర కూడానా?" అన్నారు మెల్లగా. ఆ మాటకు ఏం సమాధానం చెప్పాలో మిత్రుడికి తోచలేదు.

పేరు కాదు, నంబరు

లినక్స్‌లో ప్రతి ఫైలుకూ ఒక యజమాని ఉంటాడు. చదవడం, రాయడం, నడపడం అని మూడు హక్కులు. వాటిని యజమానికి, అతని బృందానికి, మిగతా అందరికీ విడివిడిగా ఇవ్వవచ్చు. ఇంతవరకూ చాలామందికి తెలుసు. తెలియనిదేమిటంటే, డిస్కు మీద యజమాని పేరు రాసి ఉండదు, నంబరు రాసి ఉంటుంది. ఉబుంటూ, మింట్‌లలో మొదట సృష్టించిన అకౌంటుకు 1000, రెండోదానికి 1001, అలా వరుసగా వస్తాయి. తెనాలి కంప్యూటర్‌లో మొదటి అకౌంట్ మేనల్లుడిది, రెండోది మాస్టారిది. అంటే ఆయన 1001. డాలస్ ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఒక్కటే అకౌంట్, మిత్రుడిది, 1000. ఇక్కడ 1001 అనే మనిషే లేడు. పైగా ఉబుంటూ 21.04 నుంచి కొత్తగా తయారయ్యే హోమ్ ఫోల్డర్లను బయటివాళ్లకు మూసే ఉంచుతున్నారు. యజమాని వేరు, ఇతరులకు ప్రవేశం లేదు. అంతే జరిగింది.

మింట్‌లో ఇది చూడటానికి టెర్మినల్ కూడా అక్కర్లేదు. ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో పర్మిషన్స్ అన్న ట్యాబ్ తెరవండి. యజమాని పేరుండాల్సిన చోట ఉత్త నంబరు కనబడిందంటే ఆ డిస్కు మరో కంప్యూటర్ మనిషిది అని అర్థం. ఫైళ్లు చెక్కుచెదరకుండా ఉన్నట్టే లెక్క.

ఇక్కడ ఇంటర్నెట్ వెంటనే చెప్పే సలహా ఒకటుంది: సుడో పెట్టి 777 కొట్టెయ్. అంటే అడ్మిన్ అధికారంతో అందరికీ అన్ని హక్కులూ ఇచ్చెయ్ అని. తాళం పోయిందని గోడ పడగొట్టినట్టు ఉంటుంది. ఇంటి డిస్కు వరకూ దొంగలెవరూ రారు, నిజమే. కానీ అదే కమాండ్‌ను పొరపాటున సిస్టమ్ ఫోల్డర్ల మీద కొడితే లినక్స్ మళ్లీ మొదటినుంచి వేసుకోవాల్సి వస్తుంది. ఒక్క అడ్డగీత అటూ ఇటూ అయితే చాలు.

మేం చేసింది వేరు. ముందు డిస్కును 'చదవడానికి మాత్రమే' అన్న పద్ధతిలో మౌంట్ చేశాను. ఇక మేమేం చేసినా అసలు ఫైళ్ల మీద గీత పడదు. తర్వాత ఫైల్ మేనేజర్‌లో 'ఓపెన్ యాజ్ రూట్' ఎంచుకున్నాం. పైన ఎర్రటి పట్టీ ఒకటి వస్తుంది, మీరిప్పుడు అడ్మిన్ అధికారంతో ఉన్నారు, జాగ్రత్త అని. అందులోంచి మాస్టారి ఫోల్డర్‌ను ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేశాం. ఇలా రూట్‌గా చేసిన కాపీకి యజమాని కూడా రూటే అవుతాడు కాబట్టి మళ్లీ అదే తాళం పడుతుంది. అందుకని ఆ కాపీకి మాత్రం, లోపలున్న ఫైళ్లన్నిటితో సహా, యజమానిగా మిత్రుడి పేరు పెట్టాం. మొత్తం ఇరవై నిమిషాల పని. కాపీ అవడానికే ఎక్కువసేపు పట్టింది.

ఫోల్డర్ తెరుచుకుంది. నాటకాల పేర్లతో, ఏళ్లతో, ఎవరు హార్మోనియం వాయించారో కూడా రాసి, మాస్టారు ఎంత పద్ధతిగా పేర్లు పెట్టారో! ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ పైకి చదివారు. "ఇది పెట్టు నాయనా" అని ఒకదాన్ని చూపించారు. పెట్టాం. గీత కదులుతోంది, నిమిషాలు మారుతున్నాయి. శబ్దం మాత్రం లేదు.

శబ్దం ఏ దారిన పోతుంది?

పాట మన చెవిని చేరేలోపు మూడు చేతులు మారుతుంది. ముందు వీఎల్‌సీ లాంటి ప్లేయర్. దాని నుంచి శబ్దాలన్నిటినీ కలిపి పంచిపెట్టే సర్వర్. అక్కడినుంచి సౌండ్ కార్డును నడిపే ఆల్సా. ఆల్సాను 1998లో చెక్ ప్రోగ్రామర్ యారొస్లావ్ కీసెలా మొదలుపెట్టారు, ఇప్పటికీ అడుగున అదే ఉంది. మధ్యలో ఉండే సర్వర్ మాత్రం మారింది. చాలాకాలం పల్స్ ఆడియో ఉండేది. ఇప్పుడు విమ్ టేమన్స్ రూపొందించిన పైప్‌వైర్ ఆ పని చేస్తోంది. ఫెడోరాలో 2021లో, ఉబుంటూలో 2022 అక్టోబరు నుంచి, మింట్‌లో 2024లో వచ్చిన 22వ వెర్షన్ నుంచి ఇదే.

ఈ చరిత్ర ఎందుకంటే, గూగుల్‌లో వెతికినా, చాట్‌బాట్‌ను అడిగినా వచ్చే సలహాల్లో చాలావరకు పల్స్ ఆడియో కాలం నాటివి. "పల్స్ ఆడియో తీసేసి మళ్లీ వేయండి" అన్నది వాటిలో మొదటిది. పైప్‌వైర్ నడుస్తున్న కంప్యూటర్‌లో ఇది చేస్తే ఉన్న సౌండ్ కూడా పోయే ప్రమాదం ఉంది. సలహా ఏ ఏడాదిదో చూసి గానీ చేతులు పెట్టకండి.

మాస్టారి పాట వినబడకపోవడానికి కారణం నవ్వొచ్చేటంత చిన్నది. ల్యాప్‌టాప్ స్క్రీన్ చిన్నదని దాన్ని హెచ్‌డీఎంఐ తీగతో పెద్ద మానిటర్‌కు తగిలించారు. హెచ్‌డీఎంఐ బొమ్మతో పాటు శబ్దాన్నీ మోస్తుంది కాబట్టి సిస్టమ్ శబ్దాన్ని అటు పంపింది. ఆ మానిటర్‌కేమో స్పీకర్లే లేవు. సౌండ్ సెట్టింగ్స్‌లో ఔట్‌పుట్ దగ్గర ల్యాప్‌టాప్ స్పీకర్లను ఎంచుకోగానే హార్మోనియం శ్రుతి వినబడింది. ఆ వెంటనే గొంతు.

ఆవిడ ఏడవలేదు. "ఇక్కడ దగ్గుతారు చూడు" అన్నారు. రెండు క్షణాల తర్వాత రికార్డింగులో దగ్గు వినబడింది.

మీ ఇంట్లో ఇలాగే జరిగితే నేను వెళ్లే వరుస చెబుతాను. మొదట ఆ సౌండ్ సెట్టింగ్స్. పరికరాన్ని ఎంచుకుని టెస్ట్ నొక్కితే ఎడమ, కుడి స్పీకర్లు విడివిడిగా పలకాలి. టెస్ట్ పలికి పాట పలకకపోతే తేడా ప్లేయర్‌లో ఉంది. దానికి విడిగా వాల్యూమ్ ఉంటుంది, అప్లికేషన్స్ అన్న ట్యాబ్‌లో కనబడుతుంది. బ్రౌజర్‌లో అయితే ట్యాబ్ మీద స్పీకర్ బొమ్మకు కొట్టివేత ఉందేమో చూడండి, పిల్లలు క్లాసులో ఉన్నప్పుడు మ్యూట్ చేసి మరిచిపోతారు.

టెస్ట్ కూడా పలకకపోతే టెర్మినల్ తెరిచి ఆల్సామిక్సర్ అని టైప్ చేయండి. ఇంగ్లీషు చిన్నక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా. పాతకాలపు క్యాసెట్ రికార్డర్ మీటర్లలా నిలువు పట్టీలు వస్తాయి. ఎఫ్6 నొక్కి సరైన సౌండ్ కార్డును ఎంచుకోండి. పట్టీ కింద రెండు 'ఎమ్'లు ఉంటే అది మూసి ఉన్నట్టు, రెండు సున్నాలుంటే తెరిచి ఉన్నట్టు. 'ఎమ్' నొక్కితే మారుతుంది. అక్కడే 'ఆటో మ్యూట్' అన్నది ఒకటి కనబడవచ్చు. హెడ్‌ఫోన్ పెట్టగానే స్పీకర్‌ను మూసే ఏర్పాటు అది. హెడ్‌ఫోన్ రంధ్రంలో దుమ్ము చేరితే ఏమీ పెట్టకపోయినా పెట్టినట్టే భ్రమపడుతుంది. దీనికి నా దగ్గరున్న మందు: హెడ్‌ఫోన్ పెట్టి తీయడం, నాలుగైదుసార్లు.

సెట్టింగ్స్‌లో 'డమ్మీ ఔట్‌పుట్' అని ఒక్కటే కనబడితే మాత్రం కథ వేరు. అసలు కార్డే సిస్టమ్ కంట పడలేదని అర్థం. కొన్నేళ్లుగా వస్తున్న చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో శబ్దాన్ని చూసుకోవడానికి విడిగా చిన్న ప్రాసెసర్ ఉంటుంది. దానికి 'సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్' కావాలి. అప్‌డేట్ మేనేజర్‌లో వచ్చినవన్నీ వేసి, కంప్యూటర్‌ను పూర్తిగా ఆపి మళ్లీ పెట్టండి. కెర్నల్, ఫర్మ్‌వేర్ కొత్తవి అయితే చాలాసార్లు సర్దుకుంటుంది. సర్దుకోకపోతే పది డాలర్లకో పదిహేను డాలర్లకో యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ దొరుకుతుంది. అది కొని పెట్టుకోవడం నామోషీ ఏమీ కాదు. నా దగ్గరా రెండున్నాయి.

మాస్టారి ఫైళ్లలో ఇంకో రెండు చిక్కులు వచ్చాయి. కొన్ని పాటలు ఎడమ చెవిలోనే వినిపించాయి. స్పీకర్ పోయిందన్నాడు మిత్రుడు. క్యాసెట్ నుంచి ఎక్కించేటప్పుడు తీగ ఒక చానెల్‌కే తగిలి ఉంటుంది, రికార్డింగే అలా ఉంది. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ ఒక్క చానెల్‌ను విడదీసి మోనోగా మార్చుకుంటే రెండు చెవులకూ వస్తుంది. ఇక చివరి రోజుల్లో పాత ఫోన్లో రికార్డు చేసినవి ఏఎమ్‌ఆర్ ఫైళ్లు. మామూలు ప్లేయర్ తెల్లముఖం వేసింది, వీఎల్‌సీ పాడింది. ఉబుంటూ, మింట్‌లను ఎక్కించేటప్పుడు 'మల్టీమీడియా కోడెక్‌లు వేయమంటారా' అని అడుగుతుంది, ఆ గడిలో టిక్ పెట్టడం మరవకండి.

సౌండ్ కార్డు కూడా ఫైలే

ఇంకో ఇంటి సంగతి. ఇంటర్ వయసు కుర్రాడు, తెలివైనవాడు. అతని కంప్యూటర్‌లో సౌండ్ వస్తుంది గానీ, రీస్టార్ట్ చేసినప్పుడల్లా ఎంచుకున్న స్పీకర్‌ను మరిచిపోయి మళ్లీ మానిటర్ వైపు పోతోంది. నెల రోజులుగా సౌండ్ డ్రైవర్ల వెంట పడ్డాడు. నేను వెళ్లి, డెస్క్‌టాప్ బొమ్మ మార్చి రీస్టార్ట్ చేయమన్నాను. బొమ్మ కూడా పాతదే వచ్చింది. అంటే జబ్బు సౌండ్‌ది కాదు, కంప్యూటర్ ఏ సంగతినీ రాసుకోలేకపోతోంది.

పాత కంప్యూటర్ నుంచి తెచ్చుకున్న సెట్టింగ్స్ ఫోల్డర్లను అతను సుడోతో కాపీ చేసి పెట్టాడు. అవి రూట్ సొత్తయ్యాయి. అతని పేరుతో నడిచే పైప్‌వైర్ బృందం వాటిని చదవగలదు, అందులో రాయలేదు. యజమానిని తిరిగి అతని పేరుకు మార్చి, లాగౌట్ చేసి లాగిన్ అయితే రెండూ కుదిరాయి. ఒక్క సౌండ్ ప్యాకేజీ కూడా ముట్టుకోలేదు.

లినక్స్‌లో సౌండ్ కార్డు కూడా ఒక ఫైలులాగే కనబడుతుంది, దానికీ హక్కులుంటాయి. మామూలుగా కంప్యూటర్ ముందు లాగిన్ అయి కూర్చున్న మనిషికే ఆ హక్కు అందుతుంది. అందుకే ఇంట్లో అమ్మ అకౌంట్ నుంచి లాగౌట్ కాకుండా 'స్విచ్ యూజర్'తో పిల్లాడు తన అకౌంట్‌లోకి వెళితే అమ్మ పెట్టిన సుప్రభాతం ఆగిపోతుంది. అది చెడిపోవడం కాదు, పద్ధతి. "యూజర్‌ను ఆడియో గ్రూపులో చేర్చండి" అన్న పాత సలహా ఇప్పుడు చాలావరకు అనవసరం. చేరిస్తే ఈ పద్ధతే దెబ్బతింటుంది.

సంగీతం క్లాసు ఉన్నవాళ్లకు

మనకు శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర, హైదరాబాద్‌లో గురువుగారికి శనివారం ఉదయం ఏడు. చలికాలంలో ఇంకో గంట తేడా. ఆ సమయానికి సౌండ్ మొరాయిస్తే ఇంట్లో జరిగేది నేను చెప్పక్కర్లేదు. ఇక్కడ చాలామంది లినక్స్‌ను తిడతారు, అసలు దోషం రెండు వేరేచోట్ల ఉంటుంది.

బ్లూటూత్ హెడ్‌సెట్లలో వినడానికి ఒక పద్ధతి, మైకుతో మాట్లాడటానికి మరో పద్ధతి ఉన్నాయి. మైకు పని మొదలుపెట్టగానే చాలావాటిలో శబ్దం టెలిఫోన్ స్థాయికి పడిపోతుంది. పాట కోసం అయితే తీగ ఉన్న హెడ్‌సెట్ వాడండి, మరో మాట లేదు. రెండోది, వీడియో కాల్ సాఫ్ట్‌వేర్‌లు ఒకే స్థాయిలో సాగే శబ్దాన్ని ఫ్యాన్ రొద అనుకుని అణచేస్తాయి. తంబూరా శ్రుతి అంటే వాటి లెక్కలో ఫ్యానే! జూమ్ ఆడియో సెట్టింగ్స్‌లో సంగీతం వారికోసం 'ఒరిజినల్ సౌండ్' అనే ఏర్పాటు ఉంది, అది పెట్టుకుంటే శ్రుతి, దీర్ఘంగా పట్టిన స్వరం తెగకుండా వెళతాయి. గురువుగారివైపు కూడా పెట్టమని అడగండి.

విండోస్ డిస్కులు, తెలుగు పేర్లు

విండోస్, లినక్స్ రెండూ ఉన్న కంప్యూటర్లలో ఫొటోల డిస్కు లినక్స్‌లో తెరుచుకుంటుంది గానీ, అందులో ఏమీ దాచుకోనివ్వదు. విండోస్ 8 నుంచి ఉన్న 'ఫాస్ట్ స్టార్టప్' వల్ల షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా పడుకోదు, సగం నిద్రలో డిస్కును పట్టుకునే ఉంటుంది. అందుకే లినక్స్ జాగ్రత్తపడి, చూడనిస్తుంది గానీ రాయనివ్వదు. షిఫ్ట్ మీట పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి, లేదా పవర్ సెట్టింగ్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. బలవంతంగా రాయించే చిట్కాలున్నాయి. ఫొటోలు ముఖ్యమనుకుంటే వాటి జోలికి పోవద్దు.

బిట్‌లాకర్ తాళం ఉన్న విండోస్ డిస్కులను లినక్స్ తెరవగలదు, తాళంచెవి మన దగ్గరుంటే. పాత విండోస్‌ను తుడిచేసే ముందే ఆ 48 అంకెల రికవరీ కీని మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ నుంచి తీసి కాగితం మీద రాసుకోండి. అది లేకపోతే నాలాంటివాడు ఎవరొచ్చినా చేసేదేమీ లేదు.

స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ రూపంలో వేసిన అప్లికేషన్లు పెన్‌డ్రైవ్‌లోని ఫైలును చూడలేకపోవచ్చు. వాటిని ఒక గదిలో పెట్టి తలుపేస్తారు కాబట్టి. ఫైలును హోమ్ ఫోల్డర్‌లోకి తెచ్చుకుంటే చాలాసార్లు తెరుచుకుంటుంది.

ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టేవాళ్లకు ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఈఎక్స్‌టీ4లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషులో అయితే 255 అక్షరాలు, ఎవరికీ అడ్డురాదు. తెలుగులో ఒక్కో గుర్తుకూ 3 బైట్లు పడుతుంది. ఒత్తు, పొల్లు, గుడి అన్నీ విడివిడి లెక్కే. 'లక్ష్మి' అన్న చిన్న మాటకే ఏడు గుర్తులు, 21 బైట్లు. అంటే మన పేరు 85 గుర్తుల్లో ముగియాలి. విండోస్‌లో ఈ ఇబ్బంది లేదు. అందుకే "పెద్దమ్మాయి పెళ్లి, తెనాలి, వైకుంఠపురం గుడి దగ్గర..." అంటూ సాగే పేరు విండోస్ డిస్కులో హాయిగా ఉండి, లినక్స్‌లోకి కాపీ చేయబోతే "పేరు మరీ పొడవుగా ఉంది" అని ఆగిపోతుంది. డిస్కు చెడిందనుకోకండి. పేరు కుదించి మళ్లీ కాపీ చేయండి. వందల ఫైళ్లు ఒకేసారి కాపీ చేస్తున్నప్పుడు ఏవి ఆగిపోయాయో మధ్యలో గమనించకుండా 'స్కిప్ ఆల్' నొక్కితే అవి ఇటు రావు. పాత డిస్కును తుడిచేశాక గానీ ఆ సంగతి తెలియదు. కాపీ అయ్యాక రెండువైపులా ఫైళ్ల లెక్క సరిపోయిందో లేదో చూసుకోండి.

మాస్టారి ఫైళ్లలో అలా ఆగినవి లేవు. ఆయన డిస్కు నుంచి రెండు కాపీలు తీశాం. తెనాలికి తిరిగి వెళ్లేదాన్ని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో అమర్చాం. విండోస్, మ్యాక్ చదువుతాయి, లినక్స్ కెర్నల్ కూడా 2019 చివర్లో వచ్చిన 5.4 నుంచి చదువుతోంది. దానికి యజమాని లెక్క కూడా ఉండదు కనుక ఎవరి కంప్యూటర్‌లో పెట్టినా తెరుచుకుంటుంది. అసలు డిస్కు మాత్రం ముట్టుకోకుండా మిత్రుడి బీరువాలోకి వెళ్లింది. దాని మీద ఆవిడ చిన్న కాగితం అంటించారు. గుండ్రటి అక్షరాలతో, "ఫార్మాట్ అంటే వద్దనండి" అని.